నెలకి ఇరవై రోజులు తలనొప్పి – సైనస్ కాదట, మరి ఏమిటిది?

బోర్డు_చాక్‌పీసు
ఏడేళ్ళుగా నాది సైనస్ తలనొప్పే అనుకుంటున్నాను. ఎడమ కనుబొమ దగ్గర మొదలై కణతకి పాకి, కన్ను వెనకాల సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. ముక్కు బిగుసుకుంటుంది, ఆ పక్క కంట్లో నీళ్ళు కూడా వస్తాయి. అందుకే ఎవరికి చూపించినా సైనస్ అన్నారు. ఆవిరి పట్టాను, ముక్కులో చుక్కలు వేసుకున్నాను, యాంటీబయాటిక్స్ ఎన్ని కోర్సులు మింగానో లెక్కే లేదు. పోయిన వారం వేరే ఈఎన్‌టీ డాక్టరుగారు స్కాన్ తీయించి, "లోపల అంతా శుభ్రంగా ఉందమ్మా, ఇది సైనస్ కాదు, న్యూరాలజిస్టుని కలవండి" అన్నారు.

మొదట్లో నెలకి రెండు మూడుసార్లు వచ్చేది. ఇప్పుడు ఇరవై రోజులు అదే. తెల్లవారి కళ్ళు తెరిచేసరికే తల బరువు. స్కూల్లో ప్రార్థన గంట కొట్టేలోపు టీతో ఒక మాత్ర వేసుకుంటేనే క్లాసులోకి వెళ్ళగలుగుతున్నాను. మా ఆయన తలలో గడ్డ ఏదైనా ఉందేమోనని భయపడుతున్నారు. ఇలా ఎవరికైనా ఉందా?

అరుగు_అమ్మమ్మ
అది పైత్యం తల్లీ. మా ఇంట్లో ముగ్గురికి ఉండేది. పచ్చగా వాంతి అయిపోతే తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వెయ్యి, చీకటి గదిలో పడుకో. తెల్లారేసరికి తగ్గుతుంది.

కాలువగట్టు
స్కాన్ ఒకటి చూసి సైనస్ కాదని తేల్చేస్తే ఎలా? నాకు ముక్కు దూలం వంకర ఉండేది, ఆపరేషన్ చేయించుకున్నాక తలనొప్పి పోయింది. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

ఓరుగల్లు_పోరడు
@కాలువగట్టు నేనూ అదే ఆపరేషన్ చేయించుకున్న అన్నా. ఆరు నెలలు బాగున్న, మళ్ళీ మొదలైంది. మీకు నిజంగానే సైనస్ ఉండి ఉంటుంది, నాకు లేకుండె. అంతే తేడా.

రాత్రి_డ్యూటీ_నర్సు
టీచరుగారూ, నేను పదకొండేళ్ళుగా న్యూరాలజీ వార్డులో పనిచేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా ఇదీ అని చెప్పలేను కానీ, మీరు రాసిన ఒక్కో మాటా మా ఓపీలో రోజూ వినేదే.

నిజమైన సైనస్ ఇన్ఫెక్షన్‌లో చిక్కటి పచ్చని చీమిడి, జ్వరం, వాసన తెలియకపోవడం ఉంటాయి. అది తగ్గితే నొప్పీ తగ్గుతుంది. ఏడేళ్ళపాటు వస్తూ పోతూ ఉండదు. సైనస్ తలనొప్పి అని సొంతంగా పేరు పెట్టుకుని వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి చివరికి తేలేది మైగ్రేనే. ముక్కు బిగుసుకోవడం, కన్ను నీరు కారడం దేనికంటే, ముఖానికీ నుదుటికీ మెదడు పొరలకీ స్పర్శ మోసే నరం ఒకటే, ట్రైజెమినల్ నరం. అది రేగితే ముక్కూ కన్నూ కూడా స్పందిస్తాయి. మెదడుకైతే సొంతంగా నొప్పి తెలియదు. నొప్పి పుట్టేది దాని మీది పొరల్లో, రక్తనాళాల దగ్గర.

@అరుగు_అమ్మమ్మ గారు చెప్పిన పైత్యం కూడా చాలామటుకు ఇదే. ఒక పక్క పోటు, వాంతి, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, నడిస్తే ఎక్కువవడం, మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండటం... పుస్తకాల్లో మైగ్రేన్‌కి రాసిన లక్షణాలే ఇవి. మన పెద్దవాళ్ళు చూసింది సరిగ్గానే చూశారు, పేరు వేరు పెట్టుకున్నారు.

టెన్షన్ తలనొప్పి ఇలా ఉండదు. తల చుట్టూ పట్టీ బిగించినట్టు రెండు పక్కలా ఒత్తిడిగా ఉంటుంది, వాంతులు ఉండవు, పని చేసుకోగలుగుతారు.

ఒక్క ప్రశ్న. నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారు? మాత్రల లెక్క వద్దు, రోజుల లెక్క చెప్పండి.

మందుల_షాపు_మామ
పై ప్రశ్నకి జవాబు నేను చెప్పగలను, ఎందుకంటే మా కౌంటర్ దగ్గరికి వచ్చే ముఖాలు నాకు తెలుసు. "అన్నా, ఆ తలనొప్పి మాత్ర ఒక స్ట్రిప్పు" అని మొదట పండక్కో పెళ్ళికో వచ్చినవాళ్ళు రెండేళ్ళు తిరిగేసరికి వారం వారం వస్తారు. ఎర్గోటమిన్, కెఫీన్, పారాసిటమాల్ కలిపిన మాత్ర ఒకటుంది, దానికి అలవాటు పడ్డవాళ్ళు మరీ ఎక్కువ. చీటీ అడిగితే అలుగుతారు. ఇవ్వకపోతే పక్క షాపుకి పోతారు.

బోర్డు_చాక్‌పీసు
@రాత్రి_డ్యూటీ_నర్సు మీరు అడిగాక హ్యాండ్‌బ్యాగు బోర్లించాను. ఖాళీ స్ట్రిప్పులు నాలుగు, సగం వాడినవి రెండు. దిండు కింద ఒకటి, టీచర్ల గదిలో నా సొరుగులో ఇంకొకటి. స్కూలు హాజరు, సెలవులు చూసుకుంటూ లెక్కవేస్తే పోయిన నెల 22 రోజులు వేసుకున్నాను. మందుల షాపు మామగారు చెప్పిన ఆ కలిపిన మాత్రే. రాస్తుంటే చెయ్యి వణుకుతోంది.

రాత్రి_డ్యూటీ_నర్సు
భయపడకండి, తెలిసింది కదా, అదే సగం పని. మామూలు పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకి 15 రోజులు, కలిపిన మాత్రలూ, మైగ్రేన్ నొప్పికి ఇచ్చే ఎర్గోటమిన్, ట్రిప్టాన్ రకాలూ 10 రోజులు, అలా మూడు నెలలకి మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతాయి. మైగ్రేన్ ఉన్నవాళ్ళకి ఈ ముప్పు మరీ ఎక్కువ. పొద్దున లేవగానే తల బరువు అన్నారే, అది దీనికి బాగా తెలిసిన గుర్తు. రాత్రంతా మందు దిగిపోయి ఉంటుంది.

కాలువగట్టు
నొప్పి తగ్గించే మాత్ర నొప్పి తెస్తుందా? నమ్మబుద్ధి కావట్లేదు.

ఓరుగల్లు_పోరడు
నేనూ నమ్మలేదన్నా. నా సంగతి చెప్త.

హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి కాల్స్. మూడేండ్లు రోజూ ఒక మాత్ర, ప్రాజెక్టు చివర్లో రెండు. డాక్టర్ దగ్గరికి పోతే ఆయన స్కాన్ గురించి మాట్లాడకుండా మాత్రల గురించే అరగంట అడిగిండు. "ముందు ఇవి ఆపుదాం, ఆపినాక మొదటి పది రోజులు నీకు నరకం కనబడ్తది, సెలవు పెట్టుకో" అన్నడు. సెలవు పెట్టి ఊరికి పోయిన.

రెండో రోజు నుంచి మొదలైంది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నిద్ర లేదు, చెమటలు, వాంతులు. మా అమ్మ తడిబట్ట మారుస్తనే ఉంది. నాలుగో రోజు రాత్రి అంగట్ల మాత్ర తెమ్మని మా తమ్మున్ని బతిమిలాడిన, వాడు బండి తాళాలు దాచిపెట్టిండు. ఆ రోజు వాన్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తు చేస్తడు. తొమ్మిదో రోజు పొద్దున లేస్తే ఏదో తక్కువైనట్టనిపించింది. పళ్ళు తోముకుంటుంటే అర్థమైంది, తలనొప్పి లేదు. మూడేండ్లల్ల మాత్ర లేకుండ అట్ల లేచిన మొదటి పొద్దు అది.

నొప్పి పూర్తిగా పోలేదు. నెలకు మూడు నాలుగు సార్లు వస్తది. కానీ వచ్చినప్పుడు మందు పనిచేస్తుంది ఇప్పుడు.

రాత్రి_డ్యూటీ_నర్సు
ఇది చదివి ఎవరూ సొంతంగా రేపటినుంచి ఆపేయకండి. కొందరికి మధ్యలో కొద్దిరోజులు నాప్రోక్సెన్ లాంటి వేరే నొప్పి మాత్ర ఇచ్చి దాటిస్తారు, ఆపడంతోపాటే నివారణ మందు మొదలుపెడతారు. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు గానీ నిద్రమాత్రలు గానీ అలవాటై ఉంటే ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి.

ఫిల్టర్_డికాషన్
నాకు వారమంతా బాగుంటుంది, ఆదివారం మధ్యాహ్నం తలనొప్పి. ఆఫీసు లేకపోతే తలనొప్పి రావడమేంటని ఇంట్లో నవ్వుతారు. చివరికి మా చెల్లెలు కనిపెట్టింది. రోజూ ఆరింటికి, పదింటికి కాఫీ. ఆదివారం పదకొండింటికి లేచి నేరుగా భోజనానికి కూర్చుంటాను. కాఫీ ఆగిపోయిన 12 నుంచి 24 గంటల్లో ఈ తలనొప్పి పట్టుకుంటుందట. ఇప్పుడు ఆదివారం కూడా ఆరింటికే లేచి కాఫీ తాగి మళ్ళీ పడుకుంటున్నా.

అరుగు_అమ్మమ్మ
అందుకేనా నేను ఏకాదశికి కాఫీ మానేస్తే సాయంత్రానికి తల పగిలిపోయేది! ఉపవాసం వల్ల అనుకున్నాను ఇన్నాళ్ళూ.

రాత్రి_డ్యూటీ_నర్సు
@అరుగు_అమ్మమ్మ రెండూ అయ్యుండొచ్చు అమ్మా. ఖాళీ కడుపు మైగ్రేన్‌ని బాగా రేపుతుంది. ఎండ, నిద్ర తప్పడం, అగరొత్తుల పొగ, ఘాటైన సెంటు, బస్సు ప్రయాణం కూడా. మన ఆడవాళ్ళలో తలంటుకున్నాక వచ్చే తలనొప్పి చాలా ఎక్కువ, దీని గురించి మన దేశపు డాక్టర్లు ప్రత్యేకంగా రాశారు కూడా. తడి జుట్టు ముడేసుకుని బయటికి వెళ్ళకుండా ఆరబెట్టుకుంటే కొందరికి తగ్గుతుంది.

రెండింటి_గార్డు
నాది వేరే రకం, రాయాలా వద్దా అనుకుంటూ ఇన్ని పోస్టులు చదివాను. గూడ్స్ రైల్లో పని. ఏటా చలికాలంలో రెండు నెలలు, రాత్రి సరిగ్గా రెండింటికి కుడికంట్లో గునపం దించినట్టు లేస్తుంది. కన్ను ఎర్రబడి, రెప్ప వాలిపోయి, కుడి ముక్కు కారుతుంది. గంట ఉండి పోతుంది. మైగ్రేన్ వాళ్ళు పడుకుంటారు కదా, నేను పడుకోలేను, వరండాలో పిచ్చివాడిలా తిరుగుతాను. పన్ను నొప్పి అనుకుని రెండు దంతాలు పీకించుకున్నాను. ఏం తేడా లేదు. మా అబ్బాయి నా అవస్థ ఫోన్లో వీడియో తీసి న్యూరాలజీ డాక్టరుకి చూపిస్తే రెండు నిమిషాల్లో క్లస్టర్ తలనొప్పి అన్నారు.

రాత్రి_డ్యూటీ_నర్సు
@రెండింటి_గార్డు వీడియో తీసిన మీ అబ్బాయి తెలివైనవాడు. 15 నిమిషాల నుంచి 3 గంటల దాకా ఉండి, గడియారం పెట్టినట్టు వస్తుంది, మగవాళ్ళలో ఎక్కువ. ఆక్సిజన్ ఇచ్చారా?

రెండింటి_గార్డు
ఇచ్చారు. మాస్కు పెట్టి నిమిషానికి 12 లీటర్ల చొప్పున పావుగంట పీలిస్తే చాలాసార్లు దిగిపోతుంది. సిలిండర్ అద్దెకి తెచ్చి మంచం పక్కనే పెట్టుకున్నాను. ఆ రెండు నెలలు నొప్పి రాకుండా వెరాపమిల్ మాత్రలు, అవి గుండెకి పడుతున్నాయో లేదో చూడటానికి మధ్యమధ్య ఈసీజీ. సీజన్‌లో మద్యం తాగొద్దన్నారు, ఒక్క గుక్క పడినా రేపుతుందట. నాకు ఆ బాధ లేదు, అలవాటే లేదు.

చరిత్ర_మాస్టారు
తలనొప్పి అంటే తెలుగువాళ్ళకి గుర్తొచ్చే పసుపు సీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. అమృతాంజనం పుట్టింది 1893లో, బొంబాయిలో. తయారుచేసింది కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆ సంపాదనతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. మన పత్రికా చరిత్రలో తలనొప్పికి అంత పెద్ద పాత్ర ఉంది!

ఫిల్టర్_డికాషన్
మాస్టారూ, చాలా పత్రికలు చదివితే తలనొప్పి వస్తుంది. ఇది తలనొప్పి వల్ల వచ్చిన పత్రిక.

మల్లెమొగ్గ
నాకు నొప్పికి ముందు కళ్ళముందు వంకర టింకర మెరుపు గీతలు వస్తాయి. ఇరవై నిమిషాలు ఉండి, తర్వాత తలనొప్పి. ఇదేమైనా కంటి జబ్బా? అద్దాలు మార్చినా తగ్గలేదు.

బోర్డు_చాక్‌పీసు
@మల్లెమొగ్గ నాకూ ఒకసారి అయింది! ఆరో తరగతిలో బోర్డు మీద 'భారతదేశం' అని రాసి వెనక్కి జరిగితే 'భార' కనిపించింది, మిగతా అక్షరాలు లేవు. పిల్లలెవరో చెరిపేశారనుకుని కోప్పడ్డాను. ఆ ఖాళీ అంచున గాజుముక్కలు మెరిసినట్టు కదులుతున్నాయి. అరగంటకి తేరుకుంది, తర్వాత నొప్పి.

రాత్రి_డ్యూటీ_నర్సు
ఇద్దరూ చెప్పింది ఆరా, అంటే మైగ్రేన్ నొప్పికి ముందు వచ్చే చూపు తేడా. 5 నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది. @మల్లెమొగ్గ ఒకటి తప్పకుండా చెప్పాలి చెల్లీ, మీరు గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా? ఆరా ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు పక్షవాతం ముప్పు పెంచుతాయి, సాధారణంగా వద్దంటారు. వాడుతుంటే గైనకాలజిస్టుకి ఈ మెరుపుల సంగతి చెప్పండి, వేరే పద్ధతులు ఉన్నాయి.

మల్లెమొగ్గ
వాడుతున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రేపే వెళ్తాను.

కడప_కారం
ఇదంతా చదివి తలనొప్పికి ఎవరికీ స్కాన్ అక్కర్లేదు అనుకోకూడదని చెప్పడానికి రాస్తున్నాను. మా వదినకి కాన్పయిన పన్నెండో రోజు తలనొప్పి మొదలైంది. పురిటి నీరసం అన్నారు పెద్దవాళ్ళు. బాలింతకి నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదని పథ్యం, రోజుకి రెండు గ్లాసులు. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. ఎంఆర్‌ఐలో మెదడు సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. బాలింతలకి మామూలుగానే ఆ ముప్పు ఉంటుందట, నీళ్ళు మాన్పిస్తే ఇంకా పెరుగుతుందట. రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇచ్చారు. బతికింది, పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. మా అమ్మ ఇప్పుడు వీధిలో ఎవరికి కాన్పయినా వెళ్ళి నీళ్ళు తాగించి వస్తుంది.

రాత్రి_డ్యూటీ_నర్సు
@కడప_కారం మీ అమ్మగారికి దండం పెడుతున్నాను. ఆగకూడని తలనొప్పులు ఇవి. ఉరుము పడ్డట్టు నిమిషంలోపే తారస్థాయికి చేరేది. జ్వరంతో మెడ పట్టేసినది. చెయ్యి, కాలు, మాట, చూపు తేడా చేసినది. తలకి దెబ్బ తగిలాక పెరుగుతున్నది. గర్భిణికి, బాలింతకి కొత్తగా వచ్చినది. దగ్గినా వంగినా ఎక్కువై వాంతులతో రోజురోజుకీ ముదురుతున్నది. యాభై దాటాక జీవితంలో మొదటిసారి వచ్చినది, అందులోనూ నమిలేటప్పుడు దవడ నొప్పి ఉంటే చూపు పోయే ప్రమాదం ఉంది. వీటికి మాత్ర వేసి చూద్దాం అనుకోకూడదు.

డల్లాస్_బాబాయి
ఇక్కడ అమెరికాలో నాకు మైగ్రేన్ రాకుండా నెలకొక ఇంజెక్షన్. నరాల్లోంచి వెలువడి మైగ్రేన్ నొప్పిని రేపే సీజీఆర్పీ అనే పదార్థాన్ని అడ్డుకుంటుంది, మొదటిది 2018లో ఇక్కడ అనుమతి పొందింది. ఆ పదార్థం గుట్టు విప్పిన నలుగురు శాస్త్రవేత్తలకి 2021లో, మెదడు పరిశోధనకి ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది. నాకు నెలకి పన్నెండు రోజుల నుంచి నాలుగుకి దిగింది. కానీ ఇన్సూరెన్సు ఒప్పుకోవడానికి ముందు రెండు పాత మందులు వాడి చూడాల్సి వచ్చింది. వాటిలో ఒకటైన టోపిరమేట్ వాడినన్నాళ్ళు వేళ్ళు తిమ్మిర్లు, మాటలు తట్టేవి కావు.

మందుల_షాపు_మామ
నొప్పి రాకుండా రోజూ వేసుకునే పాత నివారణ మందుల్ని తక్కువ చేయకండి బాబాయ్. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లూనరిజిన్ చవకగా దొరుకుతాయి, చాలామందికి సరిపోతాయి. జనం చేసే తప్పల్లా పది రోజులు వాడి పనిచేయలేదని మానేయడం. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

బోర్డు_చాక్‌పీసు
ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. డాక్టరమ్మ నలభై నిమిషాలు మాట్లాడారు. చిన్న లైటుతో కంటి వెనక నరం చూశారు, చేతులు కాళ్ళు బలం చూశారు, గీత మీద నడిపించారు. మైగ్రేన్, దానిమీద మాత్రల వల్ల పెరిగిన తలనొప్పి అన్నారు. స్కాన్ అవసరం లేదన్నారు. నాకు చిన్నప్పటినుంచి ఉబ్బసం ఉంది కాబట్టి ప్రొప్రనలాల్ పనికిరాదట, రాత్రి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు ఇచ్చారు. నోరు ఎండిపోతోంది, పొద్దున మత్తుగా ఉంటోంది, మొదటి వారం కంటే ఇప్పుడు నయం. దసరా సెలవుల్లో పాత మాత్రలు ఆపాను. @ఓరుగల్లు_పోరడు, మీ తొమ్మిదో రోజు నాకు పదమూడో రోజు వచ్చింది తమ్ముడూ. మధ్యలో రెండుసార్లు ఓడిపోబోయి మీ పోస్టు మళ్ళీ చదువుకున్నాను.

వంటింట్లో గంటల పంచాంగం క్యాలెండర్ మీద నొప్పి వచ్చిన రోజుకి ఎర్ర సున్నా, మందు వేసుకున్న రోజుకి నీలం ఇంటూ పెడుతున్నాను. ఈ నెల ఎర్రవి తొమ్మిది, నీలం నాలుగు. ఎర్రవాటిలో నాలుగు బహిష్టుకి ఒకరోజు ముందు మొదలై వరుసగా ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఇది నా కంటపడలేదు.

మా అమ్మకి ఆ క్యాలెండర్ చూపించాను. చిన్నప్పుడు ఆవిడ నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని సామాన్ల గదిలో తలుపేసుకుని పడుకునేది, మేం అరిస్తే నాయనమ్మ "పని తప్పించుకోడానికి వేషాలు" అనేది. యాభై దాటాక తనకి తగ్గిపోయింది. ఆ సున్నాలన్నీ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, "అయితే దీనికి పేరుందా?" అంది.

అరుగు_అమ్మమ్మ
మీ అమ్మకి నా నమస్కారం చెప్పు తల్లీ. మేమంతా ఆ సామాన్ల గదిలోంచి వచ్చినవాళ్ళమే.

కాలువగట్టు
నేను మొదట్లో అడ్డం మాట్లాడాను. మా ఆవిడ మాత్రల డబ్బా లెక్కపెట్టాను, నెలకి పదహారు రోజులు. అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

ఫిల్టర్_డికాషన్
@బోర్డు_చాక్‌పీసు ఆ రెండు పెన్నులూ క్యాలెండర్ మేకుకే దారం కట్టి వేలాడదీయండి. మా ఇంట్లో వారంలోనే మాయమయ్యాయి.

సీతమ్మ_వాకిలి
మా బాబుకి తొమ్మిదేళ్ళు. పీఈటీ పీరియడ్ ఎండలో ఆడిన రోజు నుదురంతా నొప్పి అంటాడు, వాంతి చేసుకుని గంట పడుకుంటే లేచి ఆడుకుంటాడు. బడి ఎగ్గొట్టడానికేమో అనుకున్నాం. పిల్లలకీ వస్తుందా ఇది?

రాత్రి_డ్యూటీ_నర్సు
@సీతమ్మ_వాకిలి వస్తుందమ్మా. పిల్లల్లో తక్కువసేపు ఉంటుంది, నుదురు రెండు పక్కలా నొప్పి, నిద్రపోతే తగ్గుతుంది. పొద్దున టిఫిన్ తినకుండా పంపకండి, నీళ్ళ సీసా, టోపీ ఇవ్వండి. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి ఇవ్వొద్దు. పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి, తెల్లవారుజామున నొప్పితో లేచి వాంతి చేసుకుంటుంటే మాత్రం ఆలస్యం చేయకండి.

సీతమ్మ_వాకిలి
తెల్లవారుజామున లేదు, మధ్యాహ్నాలే. శనివారం చూపిస్తాం. క్యాలెండర్ ఈ రోజే మొదలుపెట్టాను, ఎర్ర స్కెచ్ పెన్ను వాడే తెచ్చి ఇచ్చాడు.